చెల్లీ, ఏడు గింజలు ఇయ్యి!

పిల్లలూ! మీ ఇంట్లో నాలుగేళ్ళ చెల్లెలో, తమ్ముడో వున్నారా? అయితే ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక ఇరవై చింతగింజలు చెల్లెలి ముందు పోసి, మొదట అంకెలు చెప్పమనండి. "ఒకటి, రెండు, మూడు..." అంటూ పదిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పచెపుతుంది. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. అప్పుడు మీరు దోసిలి పట్టి, "చెల్లీ, నాకు ఏడు గింజలు ఇయ్యి!" అనండి. చాలామంది పిల్లలు ఒక గుప్పెడు తీసి చేతిలో పోస్తారు. నాలుగు వుండవచ్చు, పదకొండు వుండవచ్చు.

నవ్వకండి. అంకెలు ఆమెకు పాటలాగా వచ్చాయి, అంతే. పాట రావటం వేరు, లెక్క రావటం వేరు. కేరెన్ విన్ అనే శాస్త్రజ్ఞురాలు 1990లో ఇటువంటి పరీక్షలే చేసి చూసింది. పసివాళ్ళకు మొదట "ఒకటి" అంటే ఏమిటో తెలుస్తుంది. కొన్ని నెలలకు "రెండు" తెలుస్తుంది, మరికొన్ని నెలలకు "మూడు". ఆ తరువాత అసలు గుట్టు బయటపడుతుంది: లెక్కపెట్టగా చివర పలికిన మాటే మొత్తం ఎన్నో చెపుతుంది! మనకు ఇది వింతగా తోచదు. కాని ఈ గుట్టు తెలియకుండానే ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లకు, పలకమీద వేసిన 3+4 వట్టి వంకర గీతలే. అక్కడ మొదలైన భయం పైతరగతులలో కూడా వెంటాడుతుంది. అందుచేత బడికి పోకముందే ఇంట్లో ఈ పని జరగాలి. ఆ పనికి అమ్మా నాయనలకంటే అన్నలూ అక్కలూ మీరే తగినవాళ్ళని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మీకు ఆటలో విసుగు పుట్టదు.

కేసముద్రం వంటి వూళ్ళో సరంజామాకు కొదువ ఏమున్నది? కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలుమార్గంలో వున్న ఈ వూరు 2016 దాకా వరంగల్ జిల్లాలోది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోది. ఇక్కడి వ్యవసాయ మార్కెట్టుకు చుట్టుపట్ల రైతులు మిరప, పసుపు, మొక్కజొన్న తెస్తారు. ఆ ఇళ్ళలో పసుపు కొమ్ములూ, మక్కగింజలూ బొమ్మలకంటే సులువుగా దొరుకుతాయి. (మిరపకాయలు మాత్రం పసివాళ్ళ చేతికి ఇవ్వకండి, కళ్ళు నలుపుకుంటారు!)

ఒక గిన్నెలోనుంచి ఇంకొక గిన్నెలోకి ఒక్కొక్క గింజే వేయించండి. గింజకు ఒక మాట, మాటకు ఒక గింజ. చేయి ఆగితే నోరూ ఆగాలి. అయిపోగానే "మొత్తం ఎన్ని?" అని అడగండి. చెల్లెలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టటం మొదలుపెడితే, గుట్టు ఇంకా తెలియలేదన్నమాట. తొందరపడకండి. అన్నాల వేళ, "ఇంట్లో ఎంతమందిమి? కంచాలు ఎన్ని కావాలి?" అని ఆమెచేతనే కంచాలు పెట్టించండి. ఒకటి తక్కువైతే ఎవరి ముందు కంచం లేదో ఆమే చూసుకుంటుంది.

మీ నాయనమ్మను ఒక సంగతి అడగండి. పూర్వం కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు "ఒకటి" అనేవారు కారు, "లాభం" అని మొదలుపెట్టేవారు. ఏడో కొలత దగ్గర "ఏడు" అంటే ఏడుపు గుర్తుకు వస్తుందని "ఆరున్నొకటి" అనేవారు. శకునం సంగతి ఎట్లా వున్నా, ఆరుకు ఒకటి కలిపితే ఏడు అని ఆ మాటే నేర్పుతున్నది కదా!

తెలుగు అంకెలలో ఇట్లాంటి సాయం ఇంకా వున్నది. "పదమూడు" అంటే పది, మూడు. "ఇరువది" అంటే రెండు పదులు. "ముప్పది" మూడు పదులు. ఇంగ్లీషు "ఎలెవెన్"లో పది ఎక్కడా వినిపించదు. హిందీలో ముప్పైతొమ్మిదికి "ఉంతాలీస్" అని వేరే మాట కంఠతా పట్టాలి. మీ చెల్లెలు ఇంగ్లీషు బడికి పోతున్నా సరే, ఇంట్లో పదేసి గింజల కుప్పలు పోసి తెలుగులో చెప్పించండి. ఆ కుప్పలు చెవికీ కంటికీ ఒకేసారి అందుతాయి.

ఇక అష్టాచెమ్మ. ఇది వట్టి కాలక్షేపం అనుకునేవాళ్ళు ఈ సంగతి వినాలి. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు బడికి పోని పేదపిల్లల చేత ఒక ఆట ఆడించి, ఫలితాలు 2008లో ప్రకటించారు. వరుసగా పది గళ్ళు, వాటిలో 1 నుంచి 10 దాకా అంకెలు. నాలుగు పర్యాయాలు, సుమారు పావుగంట చొప్పున ఆడేసరికి, ఏ అంకె పెద్దదో ఏది చిన్నదో ఆ పిల్లలకు మునుపటికంటే బాగా తెలిసివచ్చింది. అంకెలకు బదులు రంగులు వేసిన గళ్ళమీద ఆడినవాళ్ళకు ఆ లాభం కలుగలేదు. అరుగుమీద సుద్దముక్కతో మీరూ పది గళ్ళు గీయండి. కాయ 5లో వుండి రెండు పడితే, "ఒకటి, రెండు" అనకుండా "ఆరు, ఏడు" అంటూ నడపాలి. కిటుకంతా అక్కడే వున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. గింజల లెక్క వస్తే పలక లెక్క దానంతట అదే రాదు. 2025లో 'నేచర్' అనే శాస్త్రపత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ మొదలైనవారు ఒక పరిశోధన ప్రచురించారు. ఢిల్లీ, కలకత్తా అంగళ్ళలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను వారు పరీక్షించారు. బేరం లెక్కలు నోటితో ఇట్టే చెప్పిన పిల్లలు, అటువంటి లెక్కనే బడిలో లాగా కాగితంమీద ఇస్తే తికమకపడ్డారు. బడిపిల్లలు కాగితంమీద చేసేవారే గాని, అంగడి లెక్క దగ్గర తడబడ్డారు. రెండు తెలివులకూ మధ్య వంతెన లేదన్నమాట. కనుక చెల్లెలు ఏడు గింజలు సరిగా ఇచ్చిననాడు, వాటి పక్కనే పలకమీద 7 వేసి చూపించండి. మరునాడు పలకమీద 5 వేసి, మాట్లాడకుండా చేయి చాపండి.

పిల్లలూ, ఆమె గింజలు ఏరేలోపల మీకొక చిక్కుప్రశ్న. అష్టాచెమ్మలో ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు నాలుగే కదా. తెల్లవైపు పైకి పడ్డవి ఎన్నో అన్ని గళ్ళు. నాలుగూ తెల్లవైతే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లవైతే అష్ట, అంటే ఎనిమిది. మరి సరిగ్గా ఏడు గళ్ళు నడవాలంటే కనీసం ఎన్నిసార్లు వేయాలి? ఏమేమి పడాలి?