కొలువులో గవ్వకు చోటున్నదా?

బొమ్మల కొలువును మెట్టు మెట్టుగా చూడండి. పైన దేవతలు, వారి కింద కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మ, తిరునాళ్లలో కొన్న మట్టి చిలుక, ఆ పక్కనే పిల్లవాని రేకు మోటారు! మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న ఆచారం తప్పితే, తక్కినదంతా ఇంటివారి ముచ్చటే.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి పల్లెలో కొలువు తీర్చదలచిన ఇల్లాలికి కొండపల్లి సముద్రానికి ఆవల ఉన్నది. దగ్గరున్నది తీరం. అక్కడి గవ్వా, పగడపు కొమ్మా మెట్టెక్కితే ఎంత శోభ! చిక్కంతా అక్కడే.

పగడం రాయి కాదు, చిన్న ప్రాణులు కట్టుకున్న సున్నపు గూడు. 2001లో పగడపు దిబ్బలను నిర్మించే జాతులను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఒడ్డున పడిన ఎండు ముక్కనైనా ఇంటికి తేరాదు. ట్రోకస్ వంటి కొన్ని గుల్లలూ రక్షిత జాబితా కెక్కినవి.

మరి చట్టం పేర్కొనని చిన్న గుల్ల? సన్యాసి పీత తన మెత్తని పొట్టను దాచుకొనేది ఖాళీ గుల్లలోనే. ఒళ్లు పెరిగిన కొద్దీ పెద్దది వెదుక్కొంటుంది. మనం ఏరి తెచ్చినది దానికి దొరకవలసిన ఇల్లు.

అంతమాత్రాన కొలువు బోసిపోదు. బోర్లించిన కొబ్బరి చిప్పకు నాలుగు పుల్లలు గుచ్చితే తాబేలు, చింతపిక్కలు కళ్లు. కొబ్బరాకుతో చిలుకను అల్లవచ్చు. సంక్రాంతి కొలువు నిలిచేది మూడునాళ్లే గనుక, ఆ చిలుక వాడేలోగా మెట్లు ఎత్తివేయవచ్చు.