మెట్టతోటలలో నేలకు పదును నిలుపుట

కామవరపుకోట మెట్టలోని ఎఱ్ఱ ఇసుకనేలలు పెట్టిన తడిని చిరకాలము నిలుపజాలవు. బోరునీటినే నమ్ముకొన్న తోటదారునకు ఇది పెద్ద నష్టము. రసాయనపు టెఱువు పైరునకు బలమిచ్చునే గాని, నేలకు పదును నిలుపు శక్తి నీయదు. ఆ శక్తి చివికిన ఆకునందును పశువుల పెంటయందును గలదు.

కావున తొలకరిలో చెట్లవరుసల నడుమ జనుముగాని పిల్లిపెసరగాని చల్లి, పూతకు వచ్చు వేళకు, అనగా సుమారు 45 దినములకు, కోసి నేలపైననే పఱుపవలెను. కొబ్బరిమట్టలు, మొక్కజొన్నచొప్ప తగులబెట్టక పాదులలో కప్పుటయు మేలు. అయితే కప్పు చెట్టు మొదలునకు తగిలినచో చెదలు పట్టవచ్చును. కప్పు క్రింద వానపాములు చేరి నేలను గుల్లపఱచును.

2016లో మన రాష్ట్రమున ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము బోధించునదియు నేలను కప్పియుంచుమనియే. సభ్యులు ముందుగా రెండు వరుసలందు దీనిని చేసి, తడుల సంఖ్యను పక్కవరుసలతో పోల్చి చూడవలెనని కోరుచున్నాము.