మీకు తెలుసా? 10 పాయింట్ల జట్టు, 11 డ్రాల ఏడాది

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది 2022 మార్చి 20న. ఫుట్‌బాల్ చూసేవాళ్లలో ఆ రాత్రిని మరిచిపోయినవాళ్లు తక్కువ. దానికి ముందటి సీజన్‌ను, అంటే 2020-21ని, గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇంకా తక్కువ. అప్పుడు జట్టుకు దక్కింది ఐదో స్థానం. సెమీస్ లేదు, పతకం లేదు. అయినా ఆ క్లబ్బు కథలో అసలు అధ్యాయం అదేనంటాను. ఈసారి కబుర్లన్నీ దాని చుట్టూనే.

•

మీకు తెలుసా? లీగ్‌లో ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనే హైదరాబాద్ 5 గోల్స్ సమర్పించుకుంది. 2019 అక్టోబరు 25, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం: ఏటీకే 5, హైదరాబాద్ 0. క్లబ్బు పుట్టి అప్పటికి రెండు నెలలే. పుణె సిటీ జట్టు మూతపడితే, ఆ ఖాళీలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని కలిసి హైదరాబాద్ పేరు మీద కొత్త జట్టు పెట్టారు. గచ్చిబౌలిలో తొలి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించేసరికి ఊళ్లో ఆశలు చిగురించాయి. అవి ఎన్నాళ్లో నిలవలేదు. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 4 డ్రాలు, 12 ఓటములు. ఇచ్చుకున్న గోల్స్ 39, వచ్చిన పాయింట్లు 10. పది జట్లలో పదో స్థానం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలో, జనవరిలోనే సాగనంపారు.

విచిత్రమేంటంటే, అంత ఘోరమైన సీజన్‌లోనూ ఆఖరి మ్యాచ్‌లో గువాహటి వెళ్లి నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌ను 5-1తో చిత్తు చేశారు. అందులో రెండు గోల్స్ గోవా నుంచి వచ్చిన లిస్టన్ కొలాసో అనే కుర్రాడివి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

•

కొత్త కోచ్‌గా రావాల్సింది మనోలో మార్కెజ్ కాదు. బెంగళూరు ఎఫ్‌సీని 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌దాకా తీసుకెళ్లిన ఆల్బర్ట్ రోకాతో క్లబ్బు ఒప్పందం కుదుర్చుకుంది. ఆయన జట్టును కూర్చే పనిలో ఉండగానే బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది. రొనాల్డ్ కోమన్ బృందంలో ఫిట్‌నెస్ కోచ్ ఉద్యోగం. బార్సిలోనా పిలిస్తే కాదనేవాళ్లుంటారా? ఆయన వెళ్లిపోయారు. ఆ ఖాళీలోకి 2020 ఆగస్టు 31న వచ్చిన మనిషి మార్కెజ్. ఈయనది బార్సిలోనా ఊరే. 2017లో లాస్ పాల్మాస్ జట్టుకు లా లిగాలో కొద్ది వారాలు కోచ్‌గా ఉండి తప్పుకున్న అనుభవం ఆయనది. మనదేశంలో అప్పటికి ఆయన పేరు విన్నవాళ్లు అరుదు. సీజన్ మొదలవడానికి మూడు నెలలు కూడా లేవు.

మార్సెలిన్హో, బోబో, మాథ్యూ కిల్‌గాలన్ లాంటి పేరున్న విదేశీయులు అప్పటికే వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లలో ఇద్దరి గురించి చెప్పుకోవాలి. ఒకరు ఒడిశా నుంచి తెచ్చుకున్న స్పెయిన్ స్ట్రైకర్ అరిదానె సంతానా. రెండోవారు బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జావో విక్టర్. జావో ఆట పెద్దగా కంటికి ఆనదు. వెనకున్న నలుగురు డిఫెండర్ల ముందు నిలబడి, పడగొట్టాల్సినచోట పడగొట్టి, బంతిని పక్కవాడికి అందించి ఊరుకుంటాడు. అతను లేకపోతే ఈ కథే లేదు.

•

మీకు తెలుసా? లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన ఆకాశ్ మిశ్రాకు సీజన్ మొదలయ్యేనాటికి 19 ఏళ్లు నిండలేదు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, ఇండియన్ యారోస్‌లో ఆడి నేరుగా ఇక్కడికి వచ్చాడు. కుడివైపు సిక్కింకు చెందిన ఆశిష్ రాయ్, మధ్యలో మణిపుర్‌కు చెందిన చింగ్లెన్‌సానా సింగ్, ముందు లిస్టన్, మహమ్మద్ యాసిర్, హాలిచరణ్ నర్జరీ. అంతకుముందు ఏడాది 12 మ్యాచ్‌లు ఓడిన జట్టును చేతికిస్తే ఏ కోచ్ అయినా అనుభవజ్ఞుల కోసం వెతుక్కుంటాడు. మార్కెజ్ మాత్రం చేతిలో ఉన్న కుర్రాళ్లను దింపాడు. ఒక మ్యాచ్‌లో తప్పు చేసినవాణ్ని తర్వాతి మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టకుండా మళ్లీ ఆడించాడు. ఫుల్‌బ్యాక్‌లిద్దరినీ వెనకే కాపలా ఉండమనకుండా పైకి పంపాడు.

ఆ ఏడాది కరోనా. పోటీలన్నీ గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో, బయోబబుల్ మధ్య జరిగాయి. హోటల్, ప్రాక్టీస్ మైదానం, స్టేడియం, మళ్లీ హోటల్. అభిమానులు లేని ఆట ఉప్పులేని పప్పే, కాదనను. కానీ పంతొమ్మిదేళ్ల కుర్రాడు బంతి పోగొట్టుకున్నప్పుడు గ్యాలరీ నుంచి ఈలలు వినపడకపోవడం కూడా ఒక వరమే అనిపిస్తుంది.

•

చిన్న ముచ్చట. గచ్చిబౌలి స్టేడియానికి పెట్టిన పేరు జీఎంసీ బాలయోగిది, అంటే కోనసీమ నుంచి లోక్‌సభ స్పీకర్ దాకా వెళ్లిన గంటి మోహనచంద్ర బాలయోగి. గోవాలో పోటీలు జరిగిన మూడు స్టేడియాల్లో బంబోలింలో ఉన్నదాన్నీ జీఎంసీ స్టేడియమనే అంటారు. అక్కడ జీఎంసీ అంటే గోవా మెడికల్ కాలేజీ!

•

ఇక ఆ సీజన్ చిట్టా. 20 మ్యాచ్‌లు, 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములు, 29 పాయింట్లు. ఆ మూడు ఓటములూ వరసగా వచ్చాయి. 2020 డిసెంబరు 20న ముంబయి చేతిలో, 27న కేరళ చేతిలో, 30న గోవా చేతిలో. పది రోజుల్లో మూడు దెబ్బలు. అంతకుముందు ఏడాది చూసినవాళ్లు 'మళ్లీ మొదలైంది' అనుకుని ఉంటారు. జనవరి 4న చెన్నయిన్‌ను 4-1తో ఓడించారు. అక్కణ్నుంచి సీజన్ ముగిసేదాకా, 12 మ్యాచ్‌ల్లో ఒక్కటి ఓడితే ఒట్టు.

జనవరి 8న నార్త్‌ఈస్ట్‌తో మ్యాచ్ చూడాల్సింది. హైదరాబాద్ 2-0తో ముందంజ వేసింది, విరామానికల్లా ప్రత్యర్థి 2-2 చేసేసింది. అంతకుముందు సీజన్ జట్టయితే అక్కడే చేతులెత్తేసేది. రెండో సగంలో లిస్టన్ సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, మ్యాచ్ చివర్లో రెండు గోల్స్ కొట్టాడు. 4-2. ఫిబ్రవరి 16న కేరళను 4-0తో ఓడించారు, ఆ మర్నాడే కేరళ కోచ్ కిబు వికునా పదవి పోయింది.

అయితే 11 డ్రాల సంగతేంటి? ఇక్కడే అభిమానుల్లో రెండు పక్షాలు. గెలవాల్సినవి జారవిడుచుకున్నారని ఒక పక్షం గొణుగుడు. అందులో నిజం లేకపోలేదు. రెండు డ్రాలు గెలుపులైనా 33 పాయింట్లతో మూడో స్థానం దగ్గరకు చేరేవాళ్లు. నేను మాత్రం రెండో పక్షం. 18 మ్యాచ్‌ల్లో 39 గోల్స్ ఇచ్చుకున్న జట్టు, ఏడాది తిరిగేసరికి 20 మ్యాచ్‌ల్లో 19 మాత్రమే ఇచ్చింది. ముందు ఓడకుండా ఉండటం నేర్చుకోవాలి, గెలవడం తర్వాత పాఠం. కొట్టిన 27 గోల్స్‌లో 10 అరిదానె ఒక్కడివే. అతను తడబడిన రోజున ఇంకొకరు అందుకోలేకపోవడమే డ్రాలకు అసలు కారణం. క్లబ్బు కూడా అదే గ్రహించినట్టుంది. మరుసటి ఏడాది ముంబయి నుంచి నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఒగ్బెచెను తెచ్చుకుంది. ఆయన కొట్టినవి 18.

•

ఆ సీజన్ మొత్తాన్ని ఒక్క మ్యాచ్‌లో చూడాలంటే 2021 ఫిబ్రవరి 22 నాటిది చూడాలి. ప్రత్యర్థి పట్టికలో ముందు వరసలో ఉన్న ఏటీకే మోహన్ బగాన్. అయిదో నిమిషంలోనే చింగ్లెన్‌సానాకు రెడ్ కార్డు. ఇంకా 85 నిమిషాలు పదిమందితో ఆడాలి. అలాంటప్పుడు ఎవరైనా గోలు ముందు గోడ కట్టుకుని కూర్చుంటారు. వీళ్లు మాత్రం కొన్ని నిమిషాల్లోనే అరిదానె గోల్‌తో ఆధిక్యం తీసుకున్నారు. రెండో సగంలో మన్వీర్ సింగ్ లెక్క సరిచేశాడు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన రోలాండ్ అల్బెర్గ్ కొట్టిన గోల్‌తో మళ్లీ ముందుకు. పదిమంది రెండుసార్లు ఆధిక్యంలోకి రావడం! చివరికి ఇంజురీ టైమ్‌లో ప్రీతమ్ కోటాల్ గోల్ చేయడంతో 2-2. ఇంకో డ్రా. 28న గోవాతో ఆఖరి మ్యాచ్ గెలిస్తేనే సెమీస్. అది 0-0. గోవా నాలుగో స్థానంలో, హైదరాబాద్ ఐదో స్థానంలో.

•

ఆ సీజన్ ఫలితం క్లబ్బు బయట ముందు కనిపించింది. ఆ మార్చి 25న దుబాయ్‌లో ఒమన్‌తో భారత్ ఆడిన మ్యాచ్‌లో పదిమంది కొత్తవాళ్లు అరంగేట్రం చేశారు. వారిలో ముగ్గురు హైదరాబాద్ వాళ్లు: ఆకాశ్, చింగ్లెన్‌సానా, యాసిర్. నాలుగు రోజుల తర్వాత యూఏఈతో మ్యాచ్‌లో లిస్టన్ కూడా. (ఆ మ్యాచ్ 0-6తో ఓడిపోయాం, అది వేరే కథ.) వేసవిలోనే మోహన్ బగాన్ లిస్టన్‌ను కొనుక్కుపోయింది. కోటి రూపాయల ఒప్పందమని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఇంకో సంగతి. 2021-22 నుంచి లీగ్ నిబంధన మారింది. మైదానంలో ఒకేసారి ఆడగల విదేశీయుల సంఖ్య 5 నుంచి 4కు తగ్గింది. అన్ని జట్లూ అదనంగా ఒక నమ్మకమైన భారత ఆటగాడి కోసం వెతుకులాట మొదలుపెట్టాయి. హైదరాబాద్‌కు ఆ తిప్పలు లేవు, ఏడాదంతా కాగిన కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ సీజన్ 38 పాయింట్లతో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్‌పై మొత్తం 3-2తో గెలుపు.

•

మీకు తెలుసా? ఫైనల్ జరిగిన ఫతోర్డా స్టేడియం, హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణికి పాత బాకీ. 2015 ఫైనల్ అక్కడే. అప్పుడతను గోవా జట్టు గోల్‌కీపర్. కప్పు చేతికి చిక్కిందనుకున్న ఆఖరి నిమిషాల్లో బంతి అతని వల్లే సొంత గోలులోకి పోయింది, చెన్నయిన్ 3-2తో ఎగరేసుకుపోయింది. 2022లో అదే మైదానం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, గ్యాలరీ నిండా వాళ్ల పసుపు చొక్కాలు. కానీ పట్టికలో పైన నిలిచిన జట్టుగా మైదానంలో పసుపు వేసుకునే హక్కు హైదరాబాద్‌ది, కేరళ వేరే రంగు వేసుకోవాల్సి వచ్చింది. 68వ నిమిషంలో కేరళ గోల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాల్లోనే తన్నిన బంతితో 1-1. షూటౌట్‌లో కట్టిమణి ముగ్గుర్ని ఆపాడు. నిశు కుమార్‌ను రెండుసార్లు. మొదటిసారి గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు, అదీ ఆపేశాడు. గెలుపు పెనాల్టీ హాలిచరణ్‌ది. 3-1.

ఆ రెండు సీజన్లలోనూ హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. సొంతూళ్లో ఆడకుండానే చాంపియన్లయ్యారు.

•

ఈ ఊరికి ఫుట్‌బాల్ విజయాలు కొత్తేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండగా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చుకుంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

•

మళ్లీ హైదరాబాద్ ఎఫ్‌సీ దగ్గరికి వస్తే, కట్టడానికి మూడేళ్లు, కూలడానికి ఒక్క ఏడాది. 2023లో మార్కెజ్ గోవాకు వెళ్లాడు, ఆకాశ్ ముంబయికి వెళ్లాడు. డబ్బు కష్టాలు మొదలై ఆటగాళ్లు ఒక్కొక్కరే దాటుకున్నారు. 2023-24లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. 2019-20 కన్నా హీనం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలికి ఇప్పుడు ఐఎస్‌ఎల్ జట్టు లేదు.

•

మార్కెజ్ 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. ఆ హోదాలో ఆయన తొలి మ్యాచ్ ఎక్కడో తెలుసా? గచ్చిబౌలిలోనే, సెప్టెంబరు 3న, మారిషస్‌తో. స్కోరు 0-0. ఎనిమిది మ్యాచ్‌ల్లో 1 గెలుపు, 4 డ్రాలు, 3 ఓటములతో 2025 జులైలో తప్పుకున్నాడు. జాతీయ జట్టులో కుర్రాళ్లను రోజూ పక్కన పెట్టుకుని సానబెట్టే వీలుండదు. క్లబ్బులో ఆయన బలమంతా అదే. ఆయన ఖాళీ చేసిన కుర్చీ ఖాలిద్ జమీల్‌కు దక్కింది. 2020-21లో నార్త్‌ఈస్ట్‌ను సీజన్ మధ్యలో చేపట్టి, ఒక్కటీ ఓడకుండా లీగ్ దశ దాటించి, హైదరాబాద్ కన్నా 4 పాయింట్లు ఎక్కువతో సెమీస్‌కు చేర్చిన తాత్కాలిక కోచ్ ఆయనే.