ఆకుపచ్చ జెల్లీలోని ‘వాల్డ్‌మైస్టర్’ ఏమిటి?

జర్మనీకి చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన మనవాళ్ళకు అక్కడి దుకాణాల్లో ఆకుపచ్చగా మెరిసే జెల్లీ, షర్బత్, ఐస్‌క్రీమ్ కనిపిస్తాయి. వాటి మీద ‘వాల్డ్‌మైస్టర్’ అని రాసి ఉంటుంది. ‘అడవికి పెద్ద’ అని ఆ మాటకు అర్థం. పిల్లలు అడిగితే కొనాలా వద్దా అన్నది తల్లిదండ్రుల సందేహం.

వాల్డ్‌మైస్టర్ ఒక చిన్న మొక్క. యూరప్‌లో బీచ్ చెట్ల నీడన నేలంతా పరుచుకుని పెరుగుతుంది. కాడ చుట్టూ చక్రంలా ఆకులు, వసంతంలో తెల్లటి చిన్న పూలు. విచిత్రమేమిటంటే, పచ్చి ఆకుకు పెద్దగా వాసన ఉండదు. కోసి, కాస్త వాడిపోనిస్తేనే కొత్త గడ్డిలాంటి తియ్యటి పరిమళం వస్తుంది. ఆ పరిమళం కూమరిన్ అనే పదార్థానిది.

కూమరిన్ మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. అందుకే పిల్లలు తినే మిఠాయిల్లో, లెమనేడ్‌లలో అసలు ఆకు వాడకాన్ని జర్మనీ 1970లలోనే ఆపేసింది. అంటే దుకాణంలో దొరికే ఆకుపచ్చ జెల్లీలో సాధారణంగా ఆ ఆకే ఉండదు. ఉండేది తయారుచేసిన ఫ్లేవర్, రంగు మాత్రమే!

మరి హలాల్ సంగతి? ఆకుతో ఇబ్బంది లేదు. చూడాల్సింది మిగతావి. జెల్లీలో జెలటిన్ ఉంటుంది, యూరప్‌లో అది ఎక్కువగా పంది చర్మం నుంచి వస్తుంది. అగర్ లేదా పెక్టిన్‌తో చేసినవి చూసి తీసుకోవాలి. మే నెలలో అక్కడ చేసే ‘మైబోలే’ మాత్రం వైన్‌లో ఈ ఆకు నానబెట్టిన పానీయం, దాని జోలికి పోనక్కర్లేదు. అదే ఆకును ఆపిల్ రసంలో నానబెట్టి చేసుకునే ఇళ్ళూ ఉన్నాయి. లీటరుకు మూడు గ్రాముల తాజా ఆకు మించకూడదని అక్కడివాళ్ళు చెప్పుకునే లెక్క. పూత రాకముందే కోస్తారు, అరగంటలో తీసేస్తారు.

ఇక మన వంటింటి మాట. బిర్యానీలో వేసే దాల్చిన చెక్క చాలాసార్లు కాసియా రకం. అందులోనూ ఇదే కూమరిన్ ఉంది. రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము వరకు పర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది. బిర్యానీలో ఒక ముక్క వేస్తే భయం లేదు. బరువు తగ్గాలనో, షుగర్‌కనో రోజూ చెంచాడు పొడి తాగేవాళ్ళు, ముఖ్యంగా కాలేయ సమస్య ఉన్నవాళ్ళు, డాక్టర్‌ను అడిగి తాగడం మేలు. సన్నటి పొరలుగా చుట్టుకుని ఉండే సిలోన్ దాల్చినలో ఇది నామమాత్రమే.