పాడిపశువు మేని క్రొవ్వు: దాని నిలువయు వ్యయమును

పాలకేంద్రమున పాలు పోయు సభ్యులకు వెన్నశాతమును బట్టి ధర ముట్టుచున్నది. జున్నుపాల దినములు గడచిన పిమ్మట మొదటి నెల రెండునెలలలో ఒక్కొక్క పశువు పాలయందు వెన్న హెచ్చుగా కనబడును. ఇంటివారు సంతసింతురు. అయితే పాలు తగ్గుచు, పశువు చిక్కుచు, వెన్న మాత్రము పెరుగుచున్నయెడల ఆ వెన్నలో చాల భాగము మేతనుండి వచ్చినది కాదు, పశువు మేనినుండి కరగి వచ్చినది. అది లాభము కాదు, మూలధనము తరుగుట. ఇది ఎట్లు జరుగునో ప్రతి పాడిరైతును తెలిసికొనవలెను.

తిన్న మేతలో నాటి అవసరమునకు మించిన శక్తిని శరీరము దాచుకొనును. అందు కొంచెము గ్లైకోజెను అను పిండిపదార్థముగా కాలేయమునందును కండలయందును నిలుచును. ఇది చేతిలోని చిల్లర వంటిది; వెంటనే అక్కఱకు వచ్చును, వెంటనే అయిపోవును. తక్కినది క్రొవ్వుగా మారి చర్మము క్రిందను, మూత్రపిండముల చుట్టును, ప్రేగుల నంటిన పొరలయందును చేరును. ఇది గాదెలోని ధాన్యము. 1 గ్రాము పిండిపదార్థము సుమారు 4 కిలోకెలోరీల శక్తి నీయగా, 1 గ్రాము క్రొవ్వు 9 కిలోకెలోరీల నిచ్చును. అదియుగాక గ్లైకోజెను తన బరువునకు సుమారు మూడింతల నీటిని పట్టియుంచును. క్రొవ్వునకు అట్టి నీటి భారము లేదు. కావుననే దీర్ఘకాలపు నిలువ క్రొవ్వు రూపముననే యుండును.

ఈ క్రొవ్వులో ఒక్కొక్క గ్లిసరిను అణువునకు మూడేసి క్రొవ్వు ఆమ్లములు కూడియుండును. రక్తమున చక్కెర చాలినంత యున్నపుడు ఇన్సులిను అను రసము గాదెకు తాళము వేసియుంచును. చక్కెర తగ్గినకొలది ఇన్సులినును తగ్గును, తాళము వీడును, ఆమ్లములు విడివడి రక్తమున ప్రవహించును. కండలు వానిని ప్రాణవాయువుతో దహించి శక్తిని పొందును. పొదుగు కొంత గ్రహించి పాలలోని వెన్నగా మార్చును. మిగిలినవి కాలేయమును చేరును.

మనము అన్నము తిన్నచో అందలి పిండి చక్కెరయై రక్తమున కలియును. నెమరువేయు పశువున కట్లు కాదు. మేతలోని పిండిని, చక్కెరను చాలవఱకు పెద్దపొట్టయందలి సూక్ష్మజీవులే పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. వానిలో ముఖ్యముగా ప్రొపియోనిక్ ఆమ్లమునుండి కాలేయము చక్కెరను తయారుచేయును. పాలచక్కెరకు మూలమిదియే. 10 లీటర్ల పాలలో ఇంచుమించు అర కిలో పాలచక్కెర యుండును. ఈనిన పశువు 4 మొదలు 8 వారములలో అత్యధికముగా పాలిచ్చును. పూర్తిగా మేత తిను శక్తి మాత్రము అంతకు కొన్ని వారములు వెనుకగా వచ్చును. ఈ నడుమ రాబడికి మించిన వ్యయము జరుగును. ఆ లోటును మేని క్రొవ్వు పూడ్చును. కొంతవఱకు ఇది ప్రకృతిధర్మమే.

లోటు మితిమీరినపుడే కీడు. కాలేయమున క్రొవ్వు ఆమ్లములు పూర్తిగా దహింపబడుటకు తోడ్పడు పదార్థమే చక్కెర తయారీకిని కావలెను. అది చక్కెరకై వ్యయమగుటచే ఆమ్లములు సగములో నిలిచి కీటోనులగును. కొంత క్రొవ్వు కాలేయముననే పేరుకొనును. దీని ఫలమే కీటోసిస్ అను వ్యాధి. పశువు మొదట దాణా మాని గడ్డి మాత్రము కొఱుకును, పాలు తగ్గును, పేడ గట్టిపడును, ఊపిరియందు ఒకవిధమైన తియ్యని వాసన పుట్టును. అధికముగా పాలిచ్చు సంకరజాతి ఆవులకు ఇది హెచ్చు, గేదెలకును వచ్చును. ఇట్లు చిక్కిన పశువు ఎదకు వచ్చుట ఆలస్యమై, ఈతకును ఈతకును నడుమ కాలము పెరుగును. పాలులేని దినముల మేత ఖర్చు రైతు నెత్తిన పడును.

బలిసిన పశువునకు ఈ భయము లేదని కొందఱందురు. అది సరికాదు. మిక్కిలి క్రొవ్విన పశువు ఈనిన పిమ్మట మేత తక్కువగా తినును; క్రొవ్వు ఒక్కసారిగా కరగి కాలేయమును ముంచును. ఈనునాటికి పశువు నడితరముగా నుండవలెను: ప్రక్కటెముకలు పైకి తేలరాదు, చేతితో అదిమినచో తగులవలెను. ఈనుటకు సుమారు 60 దినముల ముందు పాలు పిదుకుట మాని, చివరి 2, 3 వారములలో దాణాను కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఈనిన పిమ్మట పోషణమునకు కావలసిన మేతయు పచ్చిమేతయు గాక, గేదెపాలు 2 లీటర్లకును, ఆవుపాలు 2.5 లీటర్లకును 1 కిలో చొప్పున దాణా క్రమముగా హెచ్చింపవలెను. ఒక్కనాడే గంపెడు ధాన్యము పెట్టినచో పొట్ట పులిసి ప్రాణమునకే ముప్పు.

వ్యాధి కనబడినపుడు బెల్లము త్రాగించి ఊరకుండుటయు తగదు. ఆ బెల్లమును పెద్దపొట్టయందలి సూక్ష్మజీవులే పులియబెట్టును. రక్తమునకు చక్కెరగా చేరునది స్వల్పము. పశువైద్యుడు నరమునకెక్కించు గ్లూకోజును, నోట పోయించు ప్రొపిలీన్ గ్లైకాలును సరియైన చికిత్సలు. ఆలస్యము చేయక పిలిపింపవలెను.

కావున సభ్యులు వెన్నశాతపు చీటీని చూచునపుడు, ప్రక్కనే పాల కొలతను చూతురుగాక. ఇంటికి పోయి పశువు ప్రక్కటెముకలపై చేయి వేసి చూతురుగాక. మూడును కలిపి చదివినగాని లెక్క తేలదు.