కొత్త బ్రేక్ షూలు వేయించారా? చక్రం తిప్పి చూడండి

మన ఇళ్ళలో పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మా పాత స్ప్లెండర్‌కు పోయిన నెల వెనుక బ్రేక్ షూలు మార్పించాం. కోవిల్పట్టి నుండి వస్తూ కయత్తారులో కట్టబొమ్మన విగ్రహం దగ్గర ఆగి చూస్తే డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేకపోయాం. బ్రేకు బాగా పట్టాలని నట్టు మరీ బిగించేశారు, షూలు దారంతా రాసుకుంటూ వచ్చాయి. అలా కాగిన బ్రేకు లారీ వెనుక ఆగాల్సిన వేళ పట్టు తప్పుతుంది.

సరిచేయడం ఇంట్లోనే అవుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్రేక్ రాడ్డు చివరి నట్టు బిగించండి. రాసే శబ్దం రాగానే ఆపి, చక్రం తేలిగ్గా తిరిగేదాకా వదులు చేయండి. బ్రేకు పట్టేలోగా పెడల్ కొసన 20 నుండి 30 మిల్లీమీటర్ల ప్లే ఉండాలి, అంటే అంగుళం అటూ ఇటూగా. ఇరుసు నట్టు బిగించేటప్పుడు పెడల్ తొక్కి పట్టుకుంటే షూలు డ్రమ్ములో సరిగ్గా కుదురుకుంటాయి. తొందరలో చాలామంది మరిచిపోయేది ఇదే. వెనుక దీపం వెలుగుతోందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

కొత్త షూలు అరిగి ఒదిగేకొద్దీ ప్లే పెరుగుతుంది. వారం పోయాక మళ్ళీ కొలవండి.