పట్టా చేతికొచ్చింది, మరి రిజిస్ట్రేషన్?

మైత్రీవనం దగ్గర బస్సు దిగి ఎస్.ఆర్. నగర్ వైపు నడిస్తే, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్యలో 'విదేశాల్లో ఎం.బి.బి.ఎస్.' అనే బోర్డులు కూడా కనిపిస్తాయి. జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్, రష్యా. ఫీజు ఎంత, హాస్టల్లో మన భోజనం ఉంటుందా, వీసా ఎవరు చూస్తారు, అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. తిరిగి వచ్చాక ఇక్కడ వైద్యం చేయడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందన్నది మాత్రం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు.

మా ఓ.పి.కి బి.పి., షుగరు చూపించుకోవడానికి వచ్చే తల్లిదండ్రులలో ఇలా పిల్లల్ని పంపినవారు ఉన్నారు. మందుల చీటీ రాయడం అయ్యాక మెల్లగా అసలు మాట బయటపెడతారు. "అక్కడ పాసై పట్టా తెచ్చుకున్నాడు కదండీ డాక్టరుగారూ, ఇక్కడ మళ్ళీ ఈ పరీక్ష ఏమిటండీ?" పొలమో, ఒంటిమీది బంగారమో అమ్మి పంపినవారు అలా అడగడం న్యాయమే. మన కుటుంబాలందరికీ పనికొస్తుందని ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాము.

పట్టా వేరు, లైసెన్సు వేరు. పట్టా ఇచ్చేది కాలేజీ. ఇక్కడ రోగిని ముట్టుకునే హక్కు ఇచ్చేది మెడికల్ కౌన్సిల్. ఒకప్పుడు సోవియట్ దేశంలో చదివి వచ్చినవారికి ఈ బాధ ఉండేది కాదు. 2001లో చట్టం మార్చారు. 2002 నుంచి, విదేశంలో చదివిన మన దేశపు విద్యార్థులకు స్క్రీనింగ్ పరీక్ష మొదలైంది. దానినే ఎఫ్.ఎం.జి.ఈ. అంటారు. మొత్తం 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. వినడానికి ఏమంత కష్టం అనిపించదు. కానీ 2024 జూన్‌లో రాసినవారిలో దాదాపు అయిదుగురికి ఒక్కరే గట్టెక్కారు. ఆ ఏడాది డిసెంబరు పరీక్షలో కాస్త మెరుగైనా 30 శాతానికి చేరలేదు. మిగిలినవారంతా చదవనివారని మేము అనుకోము. మన ఆసుపత్రుల్లో కనిపించే జబ్బులు, మన ప్రశ్నల తీరు వేరు. పైగా చాలాచోట్ల అక్కడి రోగి భాష మన పిల్లలకు రాదు. వార్డులో రోగితో మాట్లాడకుండా నేర్చుకున్న వైద్యం పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇంకో పెద్ద మార్పు 2021 నవంబరు 18న వచ్చింది. ఆ రోజు నేషనల్ మెడికల్ కమిషన్, అంటే ఎన్.ఎం.సి., కొత్త నిబంధనలు ప్రకటించింది. చదువు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఇంగ్లీషులోనే జరగాలి. ఆ పైన అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇండియాకు వచ్చాక మరో 12 నెలలు ఇక్కడ చేయాలి. ఇవన్నీ చేరిన తేదీ నుంచి పదేళ్ళ లోపల అయిపోవాలి. ఇప్పుడు మీరే లెక్క వేసుకోండి. అక్కడ అయిదున్నరేళ్ళు, ఇక్కడ ఒక ఏడాది, మధ్యలో పరీక్షకు చదివే కాలం, ఒకసారి తప్పితే మరో ఆరు నెలలు. పద్దెనిమిదేళ్ళకు బయలుదేరిన బిడ్డ చేతికి రిజిస్ట్రేషన్ వచ్చేసరికి పాతికేళ్ళు దాటుతాయి. బ్యాంకు అప్పు ఉంటే వడ్డీ అన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటుంది.

అయితే మా దగ్గరికి వచ్చేవారిని ఎక్కువగా కుంగదీసేది పరీక్ష కాదు, దారి మధ్యలో రూలు మారడం. ఫిలిప్పీన్స్ సంగతే చూడండి. అక్కడ ముందు బి.ఎస్. అనే కోర్సు, ఆ తర్వాత నాలుగేళ్ళ ఎం.డి. బి.ఎస్.ను వైద్యవిద్యగా లెక్కించరు. మిగిలింది 48 నెలలు, కావలసింది 54. పాత రూలు ప్రకారం చేరినవారికి మినహాయింపు దొరికింది. బి.ఎస్.లో ఉండగానే రూలు మారినవారు మాత్రం తమ అడ్మిషన్‌ను ఏ తేదీ నుంచి లెక్కిస్తారో తెలియక నలిగిపోయారు. కొందరు కట్టిన ఫీజు వదులుకుని వేరే దేశానికి మారారు.

చైనాలో చేరినవారు 2020లో కరోనా వల్ల ఇంటికి వచ్చి, రెండేళ్ళకు పైగా తిరిగి వెళ్ళలేక ఫోనులోనే పాఠాలు విన్నారు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి వేలమంది విద్యార్థులను 'ఆపరేషన్ గంగ' ద్వారా తీసుకొచ్చారు. ప్రాణాలతో వచ్చారు, అదే పదివేలు. కానీ చదువు? ఇక్కడి కాలేజీల్లో చేర్చుకోవడానికి చట్టంలో వీలులేదని కేంద్రం చెప్పింది. సుప్రీంకోర్టులో కేసు నడిచాక, చివరి సంవత్సరం వారికి 2023 మార్చిలో ఒక్కసారికి మాత్రమే అన్న షరతుతో ఇక్కడే ఎం.బి.బి.ఎస్. ఫైనల్ పరీక్షలు రాసే అవకాశం ఇచ్చారు. పాసైతే రెండేళ్ళ ఇంటర్న్‌షిప్. ఆన్‌లైన్‌లో గడిచిన కాలానికి బదులు అదనంగా ఎంత చేయాలన్న తగువు ఆ తర్వాత కూడా తెగలేదు. ఎఫ్.ఎం.జి.ఈ. పాసై ఇంటర్న్‌షిప్ చేసినవారు కూడా పర్మనెంట్ రిజిస్ట్రేషన్ కోసం 2025లో విజయవాడలో ఆందోళనకు దిగారు.

ఎఫ్.ఎం.జి.ఈ. స్థానంలో 'నెక్స్ట్' అనే కొత్త పరీక్ష వస్తుందని 2019 చట్టంలోనే ఉంది. 2023 జులైలో దానిని వాయిదా వేశారు. ఆ తర్వాత 2024, 2025లలో పాత పరీక్షే జరిగింది. "నెక్స్ట్ వచ్చేస్తోంది" అని చెప్పి కొత్త కోచింగ్‌కు డబ్బు కట్టమనేవారుంటే, ఎన్.ఎం.సి. ప్రకటన చూపించమని అడగండి.

ఇంకా పంపనివారికి ఒక మాట. బిడ్డ నీట్‌లో అర్హత పొందకుండా విదేశంలో ఎం.బి.బి.ఎస్. చేస్తే 2018 నుంచి ఇక్కడ చెల్లదు. "మాది ఎన్.ఎం.సి. ఆమోదించిన కాలేజీ" అని బోర్డు మీద రాసి ఉంటే నమ్మకండి. విదేశీ కాలేజీలను ఎన్.ఎం.సి. ఆమోదించడం అనేదే లేదు, అలాంటి జాబితా అది పెట్టుకోలేదు. దానికి బదులు ఒక ప్రశ్న అడగండి. ఈ చదువు అయ్యాక ఆ దేశపు పిల్లలకు అక్కడ ప్రాక్టీసు లైసెన్సు ఎలా వస్తుందో, మా పిల్లకూ అలాగే వస్తుందా? 2021 నిబంధనలలో ఇది ముఖ్యమైన షరతు. జవాబు యూనివర్సిటీ నుంచి కాగితం మీద రావాలి. కన్సల్టెన్సీ వారి నోటిమాట చాలదు. కోర్సు ఎన్ని నెలలో, ఇంటర్న్‌షిప్ ఎక్కడో కూడా అదే కాగితంలో ఉండాలి.

తిరిగి వచ్చి ఎదురుచూస్తున్న పిల్లలకు ఎదురయ్యే ప్రమాదం ఇంకొకటి. చిన్న నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ డాక్టరుగా రమ్మంటారు, ఇంట్లో ఖాళీగా ఉండటం కన్నా నయమనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. స్క్రీనింగ్ పరీక్ష పాస్ కాకుండానే రిజిస్ట్రేషన్ సంపాదించారన్న ఆరోపణపై 2022 డిసెంబరులో 73 మంది మీద సి.బి.ఐ. కేసు పెట్టి, దేశమంతటా 91 చోట్ల సోదాలు చేసింది. రోగులుగా మీరు కూడా చీటీ మీద డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆ నంబరు అడిగారని మంచి డాక్టరెవరూ కోపగించుకోరు.

పరీక్ష పాసైనవారికి ఇక్కడ ఇంటర్న్‌షిప్ కోసం కాలేజీ డబ్బు అడిగితే అది నిబంధనలకు విరుద్ధం. ఫీజు తీసుకోకూడదని, ఇక్కడి విద్యార్థులతో సమానంగా స్టైపెండు ఇవ్వాలని 2022 మార్చి సర్క్యులరులో ఎన్.ఎం.సి. చెప్పింది. అలాంటిది జరిగితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతమూలకంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఇంట్లో సంగతి. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ గదుల్లో మూడోసారి, నాలుగోసారి చదువుతున్నవారిని మేము చూస్తున్నాము. కడుపులో మంట, తలనొప్పి అని వస్తారు, అడిగితే నిద్ర లేదంటారు. పెళ్ళిళ్ళకు, ఆదివారం ఆరాధనకు రావడం మానేసినవారున్నారు. ఎవరో ఒకరు "ఏం బాబూ, ఇంకా రాలేదా?" అంటారని భయం. దయచేసి ఆ ప్రశ్న అడగకండి. అన్నం సరిగా తినకపోయినా, రోజుల తరబడి గది దాటి రాకపోయినా, బతికి ఏం లాభం అన్నట్టు మాట్లాడినా పరీక్ష అయ్యేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు, రాత్రిపూట కూడా ఎత్తుతారు.